కడపలో ఫోర్ వీల్ డ్రైవ్ బండ్ల ముందు చప్పుళ్లను పట్టే గ్యారేజీ

ఫోర్ వీల్ డ్రైవ్ బండి ముందు భాగంలో చప్పుడు మొదలైతే ఏదో ఒక సామాను మార్చి పంపేవాళ్లు కడపలో కావలసినంత మంది దొరుకుతారు. ఆ చప్పుడు ఎక్కడ పుడుతోందో ముందు తేల్చి, రుజువు చూపించి, ఆ తర్వాతే స్పానర్ పట్టేవాళ్లు అరుదు. రాయచోటి రోడ్డులో ఊరు పలచబడే చోట, రేకుల షెడ్డు కింద నడుస్తున్న ఒక చిన్న గ్యారేజీ ఆ అరుదైన పనిని శ్రద్ధగా చేస్తోంది. నా జీపుకు అక్కడ జరిగిన పరీక్షను, మరమ్మతును దగ్గరుండి చూశాను కాబట్టి, ఇలాంటి బండ్లు ఉన్నవారికి పనికివస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను. గ్యారేజీ పేరు, ఫోన్ నంబరు రాయవద్దని యజమాని కోరారు. ఉన్నది ఒక మేస్త్రీ, ఇద్దరు కుర్రవాళ్లు. ఒక్కో బండి పరీక్షకే సగం పూట పడుతుంది. అంతకు మించి బండ్లు వచ్చి పడితే పని చెడుతుందని ఆయన భయం. ఆ మాటను గౌరవించి, పని తీరు గురించి మాత్రమే చెబుతాను.

నాది పాత డీజిల్ జీపు. ముందు చక్రాలకు పైనొకటి, కిందొకటి ఆర్ములు, బరువు మోయడానికి, మెలితిరుగుతూ స్ప్రింగులా పనిచేసే టోర్షన్ బార్లు, వెనక కమాన్ కట్టలు ఉంటాయి. మామూలుగా వెనక చక్రాలే బండిని నడుపుతాయి. గేరు రాడ్ పక్కనున్న చిన్న లివర్ వేస్తే ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచి ముందు యాక్సిల్‌కు కూడా శక్తి అందుతుంది. అంతకు ముందు కిందికి దిగి ముందు చక్రాల నడిమి హబ్బులను చేత్తో తిప్పి లాక్ చేసుకోవాలి. వేంపల్లె దగ్గరున్న చీనీ తోటకు పోయి రావడానికి, వేసవిలో పాపాఘ్ని ఇసుక దాటడానికి, ఎర్రగుంట్ల వైపు నాపరాళ్ల గనుల బాటల్లో తిరగడానికి ఇంతకంటే నమ్మకమైన బండి నాకు దొరకలేదు. అయితే ఈ బాటలే బండి ముందు భాగాన్ని తినేస్తాయి. పలుగురాళ్ల బాటలో ప్రతి గజానికీ ఆర్ముల కీళ్లలోని రబ్బరు బుష్షులు నలుగుతాయి, మెత్తటి దుమ్ము రబ్బరు తొడుగుల చీలికల్లోకి దూరి గ్రీజుతో కలిసి లోపలి ఉక్కును అరగదీస్తుంది, కడప ఎండకు రబ్బరు గట్టిపడి పగులుతుంది.

నేను తీసుకుపోయేనాటికి బండిలో చప్పుడు ఒకటి కాదు, మూడు రకాలు. గతుకుల్లో నెమ్మదిగా పోతున్నప్పుడు, బ్రేకు వేసినప్పుడు కాళ్ల కింద ధబ్‌మని ఒకటి. అరవై దాటితే గూ‌మంటూ మొదలై, వేగంతో పాటు పెరిగే మోత ఒకటి. ఇసుకలో హబ్బులు లాక్ చేసి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి మలుపుతున్నప్పుడు టకటకమని మూడోది. అంతకు ముందు వేరే ఊరిలోని ఒక పెద్ద సర్వీస్ సెంటర్‌లో ఇదే ఫిర్యాదు చెబితే, బండిని నడిపి చూడకుండానే ముందు షాకబ్జర్లు రెండూ మార్చి, మలుపులో బండి ఒరగకుండా పట్టే లింక్ రాడ్లు కూడా కొత్తవి వేసి పంపారు. బిల్లు పెరిగింది, చప్పుళ్లు మూడూ అలాగే మిగిలాయి.

ఈ గ్యారేజీలో నాకు మొదట నచ్చింది, బండి రాగానే బానెట్ ఎత్తకపోవడం. మేస్త్రీ ఒక చిన్న నోటు పుస్తకం తీసి, నన్ను కూర్చోబెట్టి అడిగిన ప్రశ్నలు అరగంట నడిచాయి. బ్రేకు వేసినప్పుడా, వదిలినప్పుడా? రెండు చక్రాలు ఒకేసారి ఎక్కే స్పీడ్ బ్రేకర్ మీదనా, ఒక్క చక్రమే పడే గుంతలోనా? పొద్దున చల్లని బండిలోనా, గంట నడిపిన తర్వాతనా? క్లచ్ తొక్కితే మోత తగ్గుతుందా? ఆగి ఉన్న బండిలో స్టీరింగ్ తిప్పితే కిర్రుమంటుందా? చప్పుడు కుడివైపా ఎడమవైపా అని మాత్రం ఆయన అడగలేదు. నేను చెప్పబోతే ఆపి, "సప్పుడు ఎప్పుడొస్తాందో చెప్పండి సార్, ఎక్కడొస్తాందో మేం చూసుకుంటాం" అన్నారు. ఆ మాటలో గట్టి కారణమే ఉంది. ఉక్కు ఛాసిస్ గుండా చప్పుడు చాలా దూరం పాకుతుంది. కుడి చక్రం దగ్గర పుట్టింది ఎడమ కాలి కింద వినిపించడం మామూలే. డ్రైవరు సీటులో కూర్చున్నవాడి చెవి దిక్కును తప్పు చెప్పినా, సందర్భాన్ని తప్పు చెప్పదు. వైద్యుడు నాడి పట్టే ముందు రోగిని మాట్లాడనిచ్చినట్టే ఆ అరగంటా గడిచింది. పరీక్షలో సగం పని అక్కడే అయిపోయిందని నాకు తర్వాత అర్థమైంది.

ఆ తర్వాత టైర్లు చూశారు. గాలి కొలిచి సరిచేసి, ఒక్కో టైరు మీద అరచేతిని ముందుకూ వెనక్కూ నిమిరారు. ఒక దిక్కుగా నిమిరితే నున్నగా, మరో దిక్కుగా నిమిరితే గరుకుగా తగిలితే చక్రాల వరుస తప్పిందని గుర్తు. అక్కడక్కడ గుంటలు పడి అరిగితే షాకబ్జరో బేరింగో బాగాలేదని అనుమానించాలి. బురద కోసం లోతైన గళ్లు పెట్టిన టైర్లు తారు రోడ్డు మీద సహజంగానే మోత పెడతాయి కాబట్టి, చాలామంది ఆ మోతను బేరింగు మోతగా పొరబడి హబ్బులు విప్పించుకుంటారట. తేడా పట్టడానికి ఆయన చెప్పిన ఉపాయం సులువైనది: టైరు మోత రోడ్డును బట్టి మారుతుంది, సిమెంటు రోడ్డు మీద ఒక రకంగా, కొత్త తారు మీద మరో రకంగా వినిపిస్తుంది, బేరింగు మోత రోడ్డు మారినా మారదు. అప్పటికీ అనుమానం తీరకపోతే ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకు మార్చి నడపాలి. మోత కూడా వెనక్కి పోతే దోషం టైరుదే.

నడిపి చూసే పరీక్షే ఈ గ్యారేజీ ప్రాణం. ముందు నన్నే నడపమని మేస్త్రీ పక్కన కూర్చున్నారు, తర్వాత ఆయన నడిపారు. ఊరు దాటి గువ్వలచెరువు ఘాటు వైపు పోయే రోడ్డును ఎంచుకోవడంలో తెలివి ఉంది: మొదట సమతలమైన తారు, తర్వాత ఎక్కుడు, మలుపులు, దిగుడు, అన్నీ ఒకే దారిలో దొరుకుతాయి. సమతలం మీద మోత గట్టిగా వినిపించే వేగానికి తెచ్చి, క్లచ్ తొక్కి, గేరు న్యూట్రల్ చేసి బండిని దానంతట పోనిచ్చారు. ఇంజను శబ్దం పడిపోయినా మోత మారలేదు. అంటే ఇంజనుకు, క్లచ్‌కు సంబంధం లేదు, తిరిగే చక్రాలతోనే సంబంధం. తర్వాత రోడ్డు ఖాళీగా ఉన్నచోట స్టీరింగ్‌ను మెల్లగా ఎడమకూ కుడికీ ఊపారు. ఎడమకు తిప్పినప్పుడు బండి బరువు కుడి చక్రాల మీదికి ఒరుగుతుంది. ఆ క్షణంలో మోత పెరిగింది. కుడికి తిప్పినప్పుడు తగ్గింది. కుడి ముందు చక్రం బేరింగు మీద అనుమానం అలా నిలిచింది.

ఫోర్ వీల్ డ్రైవ్ బండికి మాత్రమే సాధ్యమయ్యే ఒక పరీక్ష ఇక్కడ చూశాను. మామూలు గ్యారేజీల్లో దీన్ని ఎవరూ చేయగా నేను చూడలేదు. చేత్తో లాక్ చేసే హబ్బులను విడిపిస్తే చక్రాలు మాత్రమే తిరుగుతాయి; లోపలి డ్రైవ్ షాఫ్టులు, చక్రం మలిగినా శక్తి అందించే సీవీ జాయింట్లు, రెండు చక్రాల వేగాల తేడాను సర్దే ముందు డిఫరెన్షియల్, దానికి శక్తి తెచ్చే ముందు ప్రొపెల్లర్ షాఫ్టు కదలకుండా నిలిచి ఉంటాయి. హబ్బులను లాక్ చేసి, లివర్‌ను టూ వీల్‌లోనే ఉంచి నడిపితే ఆ భాగాలన్నీ ఇంజను శక్తి లేకుండా, చక్రాల లాగుడుకే తిరుగుతాయి. మట్టి నేల మీద ఫోర్ వీల్ వేస్తే అవే భాగాలు శక్తి మోస్తూ తిరుగుతాయి. ఒకే బండి, మూడు స్థితులు. హబ్బులు విడిపించినా వినిపించే చప్పుడు చక్రాల వైపుది. లాక్ చేశాకే వచ్చేది తిరిగే షాఫ్టులది. శక్తి పడినప్పుడే వచ్చేది జాయింట్లదో, డిఫరెన్షియల్ లోపలి క్రౌన్ పినియన్ పళ్లదో. మేస్త్రీ రోడ్డు పక్కన బండి ఆపి, దిగి, హబ్బులు మార్చి మళ్లీ నడిపి, నోటు పుస్తకంలో ఒక్కో స్థితికీ ఒక్కో గీత గీసుకున్నారు. గూ‌మనే మోత మూడు స్థితుల్లోనూ ఉంది. టకటక మాత్రం హబ్బులు విడిపిస్తే పూర్తిగా మాయమైంది. ఒక్క సామాను విప్పకుండానే మోతను, టకటకను రెండు వేరువేరు జబ్బులుగా విడదీయగలిగారు.

ఈ పరీక్షలో ఒక హెచ్చరిక ఉంది, ఆయన దాన్ని గట్టిగా చెబుతారు: ఫోర్ వీల్ వేసి చేసే పరీక్షను పొడి తారు రోడ్డు మీద చేయకూడదు. ఇలాంటి బండ్లలో ముందు, వెనక యాక్సిళ్ల మధ్య డిఫరెన్షియల్ ఉండదు. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాల కంటే పెద్ద వలయం తిరగాలి, కానీ ట్రాన్స్‌ఫర్ కేస్ రెండు షాఫ్టులనూ ఒకే వేగంతో తిప్పుతుంది. ఇసుకలోనో మట్టిలోనో అయితే టైరు కాస్త జారి ఆ తేడాను సర్దుకుంటుంది. తారు మీద జారడానికి వీలు లేక షాఫ్టులు మెలిపడతాయి. ఆ బిగువు ఒక్కసారిగా వదిలినప్పుడు ధడేల్‌మని చప్పుడు వస్తుంది, స్టీరింగ్ బిగుసుకుంటుంది, లివర్ వెనక్కి రాదు. నేను ఉండగానే ఒక పెద్దాయన ఇదే ఫిర్యాదుతో కొత్త బండి తెచ్చారు. డిఫరెన్షియల్ విరిగిందేమోనని ఆందోళనతో ఉన్నారు. మేస్త్రీ బండిని కొన్ని గజాలు వెనక్కి నడిపించి, బిగువు వదిలాక లివర్‌ను సులువుగా టూ వీల్‌లోకి తెచ్చి, కారణం ఓపికగా వివరించి, డబ్బు తీసుకోకుండా పంపారు. భయపడి వచ్చిన మనిషికి పెద్ద పని చెప్పి డబ్బు గుంజుకునే అవకాశం అది. ఈ గ్యారేజీ మీద నా గౌరవం ఆ పూట బాగా పెరిగింది.

షెడ్డులో లిఫ్టు లేదు. కింద గుంత, రెండు పెద్ద జాకీలు, నాలుగు ఇనుప స్టాండ్లు ఉన్నాయి. జాకీ మీద మాత్రమే నిలిపిన బండి కిందికి ఎవరూ దూరరు, ఆ క్రమశిక్షణ మెచ్చుకోదగినది. చక్రాన్ని లేపి, పైన కింద చేతులు వేసి ఊపారు, తర్వాత ఇరుపక్కలా పట్టుకుని ఊపారు. ఇరుపక్కలా ఊపినప్పుడే వదులు కనిపిస్తే, స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్ వైపు చూడాలి. పైన కింద ఊపినప్పుడు కనిపిస్తే ఆర్మును చక్రం వైపుకు కలిపే బాల్ జాయింట్ కావచ్చు, బేరింగు కావచ్చు. ఆ రెండింటి తేడా పట్టడానికి ఒక కుర్రవాడిని లోపల కూర్చోబెట్టి బ్రేకు తొక్కమన్నారు. బ్రేకు పట్టగానే డిస్కు, హబ్బు ఒకటై బేరింగు వదులు కనిపించకుండా పోతుంది. బాల్ జాయింట్ వదులైతే బ్రేకు తొక్కినా అలాగే ఉంటుంది. నా బండిలో కుడి చక్రం వదులు బ్రేకుతో పోయింది. తర్వాత చక్రాన్ని చేత్తో తిప్పుతూ, మరో చేతిని, హబ్బును మోసే స్టీరింగ్ నకిల్ మీద ఉంచమని నా చేతిని పట్టుకుని అక్కడ పెట్టారు. లోపల గరగరమని సన్నటి అదురు వేళ్లకు స్పష్టంగా తగిలింది. ఎడమ చక్రం దగ్గర అదే చేస్తే ఏమీ తెలియలేదు. చెవితో అనుమానించింది చేత్తో తేలింది.

బాల్ జాయింట్లను చూసే పద్ధతిలో కూడా పని తెలిసినవాళ్ల చేయి కనిపించింది. టోర్షన్ బార్ కింది ఆర్మును ఎప్పుడూ కిందికి నొక్కుతూ ఉంటుంది కాబట్టి, బండిని ఛాసిస్ కింద లేపితే ఆ బిగువుకు అరిగిన జాయింటు కూడా గట్టిగానే అనిపిస్తుంది. అందుకే జాకీని కింది ఆర్ము చివర, జాయింటుకు దగ్గరగా పెట్టి లేపారు. బరువు జాకీ మీదికి పోయి జాయింటు స్వేచ్ఛగా నిలిచింది. అప్పుడు టైరు కింద పొడవాటి గునపం పెట్టి ఎత్తి చూశారు. నా అదృష్టం, నాలుగు జాయింట్లూ బాగున్నాయి. బుష్షు అరిగితే చప్పుడే, బాల్ జాయింట్ ఊడితే చక్రం మడతపడి బండి బోల్తా పడవచ్చు. కాబట్టి ఆ ఒక్క భాగం మీద అనుమానం ఉన్నప్పుడు మాత్రం బండిని ఇంటికి నడిపి తీసుకుపోవడానికి ఈ మేస్త్రీ ఒప్పుకోరు.

మిగిలింది ధబ్‌మనే చప్పుడు. మూడింటిలో ఎక్కువ శ్రమ పెట్టింది ఇదే. ఇంతకు ముందు ఆ సర్వీస్ సెంటర్‌లో కొత్తగా వేసిన లింక్ రాడ్లను రెండు వైపులా విప్పి పక్కన పెట్టి, బండిని గతుకుల్లో నెమ్మదిగా తిప్పారు. అవి లేకపోతే బండి మలుపులో కాస్త ఎక్కువ ఒరుగుతుంది తప్ప, నెమ్మదిగా నడపడానికి ఇబ్బంది లేదు. చప్పుడు పోలేదు, దోషం లింకులది కాదని పైసా ఖర్చు లేకుండా తేలింది. బ్రేకు ప్యాడ్లను పట్టి నొక్కే కాలిపర్ కాదని కూడా అలాగే తేల్చారు: గతుకుల్లో బ్రేకును తేలిగ్గా తొక్కి పట్టుకుంటే వదులైన కాలిపర్ గలగల ఆగిపోతుంది, కానీ మా చప్పుడు ఆగలేదు. తర్వాత ఆయన కొడుకు ఒక పెట్టె తెచ్చాడు. అందులో పట్టుకార్లకు బిగించిన చిన్న మైకులు ఉన్నాయి. వాటిని బండి కింద అనుమానం ఉన్న చోట్ల కరిపించి, హెడ్‌ఫోన్ పెట్టుకుని నడుపుతూ, ఒక్కో మైకునూ మార్చి మార్చి వినవచ్చు. ఎడమ కింది ఆర్ము వెనక బుష్షు దగ్గర, పై ఆర్ము దగ్గర, షాకబ్జర్ పై చివర, స్టీరింగ్ బాక్సు దగ్గర కరిపించారు. నన్నూ వినమన్నారు. మిగతా మూడింటిలో దూరంగా మందంగా వినిపించిన చప్పుడు, కింది ఆర్ము బుష్షు మైకులో చెవి పక్కనే కొట్టినట్టు ఖంగున వినిపించింది.

ఆ తర్వాత కూడా ఆయన విప్పలేదు. బండిని చదునైన నేల మీద నిలిపి, నన్ను ఒక అడుగు ముందుకు నడిపి బ్రేకు వేయమని, వెంటనే రివర్సులో ఒక అడుగు వెనక్కి నడిపి బ్రేకు వేయమని చెప్పి, కుర్రవాడిని చక్రం పక్కన దూరంగా కూర్చోబెట్టారు. కుడి చక్రం తన చోట కుదురుగా ఉంది; ఎడమ చక్రం బ్రేకు పడిన ప్రతిసారీ మడ్‌గార్డు లోపల వేలి మందం వెనక్కి జరిగి మళ్లీ ముందుకు వస్తోంది. ఫోనులో తీసిన ఆ వీడియో చూపించి, "ఇది చూసినాక మార్చమంటారా లేదా మీ ఇష్టం సార్" అన్నారు. వాహనాల మరమ్మతులో డబ్బు పెట్టేవాడికి ఇంతకంటే గౌరవం ఏముంటుందో నాకు తెలియదు.

టకటక సంగతి తేలికగానే ముగిసింది. ఎడమ డ్రైవ్ షాఫ్టు బయటి సీవీ జాయింటు మీది రబ్బరు తొడుగు చీలి, గ్రీజు చక్రం లోపలి అంచు మీద వలయంగా చిమ్మి ఉంది. తొడుగు చీలిన కొత్తలోనే చూసుకుంటే పాత గ్రీజు కడిగి, కొత్త గ్రీజు నింపి, తొడుగు మార్చితే సరిపోతుంది. ఇసుక లోపలికి పోయి, మలుపులో చప్పుడు మొదలయ్యాక తొడుగు మార్చి ప్రయోజనం లేదు, గోళీలు తిరిగే గాళ్లు అప్పటికే అరిగిపోయి ఉంటాయి.

మరమ్మతు గురించి రెండు విషయాలు ప్రత్యేకంగా చెప్పాలి. మొదటిది బుష్షు బిగింపు. కొత్త బుష్షు వేశాక ఆర్ము బోల్టును వదులుగా ఉంచి, చక్రం తొడిగి, బండిని నేల మీదికి దించి, ముందు భాగాన్ని కొన్నిసార్లు నొక్కి వదిలి, బండి తన ఎత్తులో నిలిచాకే గుంతలోకి దిగి బోల్టు బిగించారు. చక్రం గాలిలో వేలాడుతుండగా బిగిస్తే, బండి దిగగానే రబ్బరు మెలిపడి నిలుస్తుంది. అలాంటి బుష్షు ఎంత మంచి కంపెనీదైనా త్వరలోనే చిరిగిపోతుంది. చాలా చోట్ల తొందరలో వదిలేసే పని ఇది. రెండోది బేరింగు. నా బండి హబ్బులో ఎదురెదురుగా కూర్చునే టేపర్ బేరింగులు రెండు ఉంటాయి. పాత కప్పులను జాగ్రత్తగా కొట్టి తీసి, కిరసనాయిలుతో కడిగి, కుడివైపు లోపలి కప్పు మీద పొక్కులు లేచినట్టు పడిన గుంటలను చూపించారు. కొత్తవి కూర్చోబెట్టి, అరచేతిలో గ్రీజు పెట్టుకుని రోలర్ల మధ్యకు పూర్తిగా ఎక్కేదాకా నూరి, సీలు మార్చి, నట్టును హబ్బు తిప్పుతూ బిగించి, వెనక్కి వదిలి, మళ్లీ కొలతగా బిగించారు. చివరికి చక్రపు బోల్టుకు స్ప్రింగు త్రాసు తగిలించి లాగి, హబ్బు తిరగడానికి ఎంత బలం పడుతోందో చూశారు. ఎక్కువ బిగిస్తే బేరింగు వేడెక్కి కాలిపోతుంది, తక్కువైతే మళ్లీ వదులు. మధ్యలో నిలపాల్సిన ఆ కొలతను చేతి అంచనాకు వదలని మేస్త్రీని కడపలో చూడటం నాకు సంతోషం కలిగించింది.

సామాన్లు మనమే తెచ్చుకోవచ్చు, వాళ్లనే తెమ్మనవచ్చు. వాళ్లు తెస్తే కొట్టు బిల్లు చేతికిస్తారు. పాత సామాన్లన్నీ గుడ్డలో చుట్టి డిక్కీలో పెట్టి పంపారు. మార్చవలసిన పని లేనివి మార్చలేదు: నేను కోరినా కుడి ఆర్ము బుష్షు మార్చడానికి ఒప్పుకోక, ఇంకా కొంతకాలం వస్తుందన్నారు. పరీక్షకు వేరుగా కొన్ని వందల రూపాయలు తీసుకుంటారు, పని అక్కడే చేయిస్తే కూలీలో ఆ మొత్తం తగ్గిస్తారు. పరీక్షకు డబ్బెందుకని వాదించేవాళ్లను అక్కడ చూశాను. నా ఉద్దేశంలో అసలు చెల్లించవలసింది దానికే. అంతకు ముందు అవసరం లేని షాకబ్జర్లకు నేను పెట్టిన సొమ్ముతో ఇలాంటి పరీక్షలు చాలా చేయించుకోవచ్చు.

లోపాలు కూడా ఉన్నాయి, అవి చిన్నవి కావు. చక్రాల అలైన్‌మెంట్ యంత్రం లేదు. ఆర్ము, టై రాడ్ విప్పిన తర్వాత అలైన్‌మెంట్ తప్పనిసరి కాబట్టి అక్కడి నుంచి ఊళ్లోకి పోయి మరో చోట వేచి ఉండాలి. ఈ పని చేసేవారు కనీసం ఒక అలైన్‌మెంట్ కేంద్రంతో ఏర్పాటు చేసుకోవాలి. రాసి ఇచ్చే కాగితం మీద సామాన్ల పేర్లు ఉంటాయి కానీ ఏ పరీక్ష చేశారు, ఏం తేలింది అన్నది ఉండదు. నోటు పుస్తకంలో అంత చక్కగా గీసుకున్న వివరాలను బండి యజమానికి ఒక కాగితం మీద ఇస్తే, తర్వాత వేరే ఊరిలో చూపించుకోవలసి వచ్చినా పనికివచ్చేవి. చెప్పిన రోజుకు బండి చేతికి రాదు. పాత బండ్ల హబ్బు సీళ్లు, సీవీ జాయింట్ల కోసం బెంగళూరు నుంచో చెన్నై నుంచో పార్సిల్ రావాలి, అది వచ్చేదాకా బండి స్టాండ్ల మీదే ఉంటుంది. కూర్చోవడానికి ఒక బల్ల తప్ప వేరే చోటు లేదు. మే నెలలో మధ్యాహ్నం ఆ రేకుల కింద నిలవడం పెద్దవాళ్లకు కష్టం. మీట నొక్కితే కంప్యూటరే ఫోర్ వీల్ వేసే కొత్త తరహా బండ్లను ఆయన ముట్టుకోరు, నేరుగా కంపెనీ సెంటర్‌కు పొమ్మంటారు. తెలియనిదాన్ని తెలియదని చెప్పడం మంచిదే, కానీ ఇప్పుడు రోడ్డు మీదికి వస్తున్న బండ్లు ఎక్కువగా అవే కాబట్టి, ఆయన కొడుకైనా ఆ విద్య నేర్చుకుంటే ఊరికి మేలు జరుగుతుంది.

కంపెనీ సెంటర్లన్నీ పనికిరావని నేను అనడం లేదు. ఆయిలు మార్పు, బ్రేకు ప్యాడ్లు, గ్యారంటీలో ఉన్న బండి పనులు అక్కడే సక్రమంగా జరుగుతాయి. కానీ చప్పుడు వెతకడానికి ఇంత సమయం అని ముందే రాసిపెట్టడం సాధ్యం కాదు. ప్రతి పనికీ నిమిషాలు లెక్కగట్టే చోట, వెతకడం కంటే మార్చడమే తేలికవుతుంది. ఈ షెడ్డులో వెతకడానికే విలువ కట్టారు, అదే తేడా.

పని పూర్తయ్యాక ఘాటు ఎక్కి దిగి చూశాను. గూ‌మనే మోత పోయింది. ఇప్పుడు వినిపించేది టైర్ల సహజమైన హోరు మాత్రమే. బ్రేకు వేసినప్పుడు ధబ్‌మనడం లేదు, స్టీరింగ్ చేతిలో నిలకడగా ఉంది. తోటకు పోయే ఇసుకలో పూర్తిగా మలిపినా టకటక లేదు. పొద్దున మొదటిసారి బండి కదిలించినప్పుడు పై ఆర్ము దగ్గర సన్నగా కిర్రుమంటోంది. దాన్ని చూసి, రబ్బరు గట్టిపడిన చప్పుడే తప్ప వదులు లేదని, ప్రమాదం లేదని, రాబోయే వేసవి తర్వాత చూద్దామని చెప్పారు. ఇప్పటిదాకా ఆయన చెప్పింది తప్పు కాలేదు కాబట్టి నేను కూడా దాన్ని అలాగే వదిలేశాను.

వెళ్లదలచినవారు రాయచోటి రోడ్డులో జీపుల మేస్త్రీ షెడ్డు ఎక్కడని ఏ టైర్ల కొట్లో అడిగినా చూపిస్తారు. శుక్రవారం నమాజు వేళ మూసి ఉంటుంది కాబట్టి ఆ రోజు మధ్యాహ్నం తర్వాత పోవాలి. మిగతా రోజుల్లో పొద్దున్నే పోతే ఎండ ముదరకముందే నడిపి చూసే పరీక్ష ముగుస్తుంది. బండిలో బరువైన సామాను, గలగలమనే పనిముట్లు, స్టెప్నీ పక్కన వదులుగా ఉన్న జాకీ అన్నీ ఇంట్లో దించి రావాలి. ముఖ్యంగా, పోయే ముందు బండి అడుగు భాగాన్ని నీళ్లతో కడిగించకూడదు: చిమ్మిన గ్రీజు చార, బుష్షు పక్కన మెరిసే ఒరిపిడి గుర్తు, దుమ్ము రాలిపోయి శుభ్రంగా కనిపించే కదిలిన బోల్టు, వీటిని చూసే ఆయన ఎక్కడ మొదలుపెట్టాలో నిర్ణయిస్తారు.